మూలపడ్డ గేమ్ ఫ్యాన్ సైటును మళ్లీ నిలబెట్టడం ఎలా

"మా గేమ్ సైటు ఏళ్ల తరబడి పడి ఉంది. మళ్లీ మొదలుపెడదాం అనుకుంటున్నాం. ఏ థీమ్ వేస్తే బాగుంటుంది?" ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుంది. అడిగేవాళ్లలో చాలామంది ఇంజనీరింగ్ హాస్టల్లో ల్యాన్ మీద ఏజ్ ఆఫ్ ఎంపైర్స్, కౌంటర్ స్ట్రైక్ ఆడినవాళ్లు. ఇప్పుడు ఉద్యోగాల్లో కుదురుకున్నారు, చేతిలో కాస్త డబ్బుంది, శని ఆదివారాల్లో కాస్త తీరిక ఉంది. అందరికీ ఒకటే చెబుతున్నాను: థీమ్ సంగతి చివర్లో చూద్దాం. ఫ్యాన్ సైటు విలువంతా అందులో పేరుకున్న పాత పోస్టుల్లో, మ్యాపుల్లో, బయటి నుంచి వాటికి వచ్చే లింకుల్లో ఉంటుంది. అవి పోగొట్టుకుని కొత్త రంగులు వేస్తే మిగిలేది ఖాళీ సైటు.

ఉదాహరణకి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 సైటు అనుకుందాం. గేమ్ 1999లో వచ్చింది. 2000లో కాంకరర్స్ అనే అదనపు ప్యాక్, 2013లో హెచ్‌డీ ఎడిషన్, 2019 నవంబరులో డెఫినిటివ్ ఎడిషన్ వచ్చాయి. ఆట బతికే ఉంది, కొత్తవాళ్లు వస్తూనే ఉన్నారు. వెనకబడింది పాత సైట్లే. మీది వేరే గేమ్ అయినా పనుల వరస ఇదే.

ముందుగా దగ్గర ఉండాల్సినవి

- డొమైన్ కొన్న ఖాతా లాగిన్, హోస్టింగ్ లాగిన్, డేటాబేస్ పాస్‌వర్డ్.
- పాత యజమాని అనుమతి, రాతపూర్వకంగా. ఒక ఈమెయిల్ చాలు. నోటిమాట మాత్రం వద్దు.
- కనీసం ముగ్గురు మనుషులు: సర్వర్ పని తెలిసినవారు ఒకరు, గేమ్ లోతుగా తెలిసినవారు ఒకరు, గొడవలు సర్దగలిగే ఓపిక ఉన్నవారు ఒకరు. మూడోవారు దొరకడమే కష్టం, ముందు వారినే వెతకండి.
- పాత సైటును విడిగా నడిపి చూసుకోవడానికి ఒక కంప్యూటర్.
- ఏడాదికి డొమైన్, హోస్టింగ్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారో ముందే మాట్లాడుకుని ఉండటం.

1. తాళాలు ఎవరి దగ్గరున్నాయో తేల్చుకోండి

పాత సైట్లలో డొమైన్ ఒకరి పేరు మీద, హోస్టింగ్ ఇంకొకరి కార్డు మీద, అడ్మిన్ లాగిన్ మూడోవారి దగ్గర ఉండటం మామూలే. డొమైన్ గడువు ఎప్పుడు తీరుతుందో హూయిజ్‌లో (డొమైన్ వివరాలు చూపే సేవ) చూడండి. గడువు దాటిన డాట్ కామ్ పేరు వెంటనే పోదు. కొన్నాళ్లు మామూలు రుసుముతో, ఆ తర్వాత 30 రోజుల పాటు పెద్ద రుసుముతో పాత యజమానే తిరిగి తీసుకోవచ్చు. అదీ దాటితే ఎవరైనా కొనుక్కుంటారు. పాత గేమ్ సైట్ల పేర్లు జూదం సైట్ల చేతిలో పడటం ఇలాగే జరుగుతుంది.

పాత యజమాని దొరక్కపోతే కొత్త పేరుతో మొదలుపెట్టడమే దారి. అప్పుడు పాత లింకులన్నీ పోయినట్టే లెక్క. కాబట్టి ఆయన్ని వెతకడానికి పెట్టే శ్రమ వృథా కాదు. పాత సభ్యుల్ని అడగండి, లింక్డ్ఇన్‌లో చూడండి, ఆయన పాత గేమింగ్ పేరును స్టీమ్‌లో వెతకండి.

తాళాలన్నీ చేతికొచ్చాక ప్రతి ఖాతాకీ రెండో మనిషిని జత చేయండి. ఒక్కరి ఫోన్‌కి వచ్చే ఓటీపీ మీద సైటు మొత్తం ఆధారపడకూడదు.

2. బ్యాకప్ తీయండి, ఆ బ్యాకప్ పనిచేస్తుందో లేదో చూడండి

డేటాబేస్ డంప్ (అందులోని డేటా మొత్తం ఒక ఫైలుగా), సర్వర్‌లోని ఫైళ్లు మొత్తం, అటాచ్‌మెంట్ల ఫోల్డర్. ఈ మూడూ కావాలి. చాలామంది డేటాబేస్ ఒక్కటే దించుకుని, తర్వాత మ్యాపులూ అవతార్లూ లేవని గమనిస్తారు. మూడు కాపీలు పెట్టుకోండి, ఒకటి ఆన్‌లైన్‌లో కాకుండా హార్డ్ డిస్కులో ఉండాలి.

తర్వాత మీ కంప్యూటర్‌లో పాత సైటును మళ్లీ నిలబెట్టండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్మవద్దు. ఇక్కడొక చిక్కు ఉంది. 2000ల నాటి సాఫ్ట్‌వేర్ ఇప్పటి పీహెచ్‌పీ (సైటును నడిపే ప్రోగ్రామింగ్ భాష) మీద నడవదు. అప్పట్లో అందరూ వాడిన మైఎస్‌క్యూఎల్ (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) ఫంక్షన్లను పీహెచ్‌పీ 7 నుంచే తీసేశారు. అందుకే పీహెచ్‌పీ 5 ఉన్న పాత సెటప్ కావాలి. అది మీ కంప్యూటర్‌లోనే ఉండనివ్వండి, ఇంటర్నెట్‌కి తెరవకండి. దాని భద్రతా లోపాలు అందరికీ తెలిసినవే.

డేటాబేస్ అసలే లేకపోతే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్ ఉంది. పాత పేజీలు చాలావరకు దొరుకుతాయి. లాగిన్ అయితేనే కనిపించే విభాగాలు మాత్రం అందులో ఉండవు, జిప్ ఫైళ్లు చాలాసార్లు ఉండవు, పొడవైన థ్రెడ్లలో (ఒకే విషయం మీద సాగే చర్చల్లో) రెండో పేజీ నుంచి ఖాళీ రావచ్చు. దొరికినంత తెచ్చి, చదువుకోవడానికి మాత్రమే పెట్టండి. పాత పోస్టుల్ని కొత్త ఖాతాల పేరు మీద మళ్లీ వేయడం సరికాదు, అవి రాసినవాళ్లు వేరు.

3. తెలుగు పోస్టులు ఉంటే అక్షరాల సంగతి ఇప్పుడే తేల్చండి

ఈ పని వాయిదా వేస్తే తర్వాత సరిచేయడం చాలా కష్టం. అప్పటి సైట్లలో డేటాబేస్ లాటిన్1 (యూరప్ భాషల అక్షరాలు దాచే పద్ధతి) అనుకుంటూనే యూటీఎఫ్8 (అన్ని భాషలకూ పనికొచ్చే పద్ధతి) అక్షరాలను దాచుకునేది. పాత సర్వర్‌లో అంతా బాగానే కనిపిస్తుంది. కొత్త సర్వర్‌కి మార్చగానే తెలుగు పోయి, పైన గీత ఉన్న రోమన్ 'ఎ'లు, డిగ్రీ గుర్తులు, ప్లస్-మైనస్ గుర్తులు వరసగా వస్తాయి. అలా వస్తే భయపడకండి, డేటా క్షేమంగానే ఉంది. డంప్ తీసేటప్పుడు క్యారెక్టర్ సెట్ లాటిన్1 అని చెప్పి తీయండి. ఆ ఫైల్లో లాటిన్1 అని ఉన్న చోటల్లా యూటీఎఫ్8ఎంబీ4 అని మార్చండి. అప్పుడు ఎక్కించండి.

తెలుగు ఉండాల్సిన చోట వట్టి ప్రశ్నార్థకాలు కనిపిస్తే మాత్రం అక్షరాలు నిజంగానే పోయాయి. ఆ కాపీ పక్కన పెట్టి, అంతకు ముందు తీసిన బ్యాకప్ వెతకండి.

యూటీఎఫ్8 సరిపోదా, యూటీఎఫ్8ఎంబీ4 ఎందుకని అడుగుతారు. మైఎస్‌క్యూఎల్‌లో పాత యూటీఎఫ్8 అక్షరానికి 3 బైట్ల వరకే పడుతుంది. తెలుగు అక్షరాలకు అది చాలు, ఎమోజీలకు 4 కావాలి. ఈ రోజుల్లో ఎమోజీ లేని పోస్టు అరుదు.

సరిచూసుకోవడం ఇలా: బాగా పాత పోస్టు ఒకటి, మధ్య కాలంది ఒకటి, చివరి నెలల్లోది ఒకటి తెరిచి, పాత సర్వర్‌లోని అదే పోస్టుతో పక్కపక్కన పెట్టి చదవండి. మధ్యలో సర్వర్ మారిన సైట్లలో సగం పోస్టులు ఒక రకంగా, సగం ఇంకో రకంగా ఉంటాయి. ఒక్క పోస్టు చూసి సరేననుకోవద్దు. సభ్యుల పేర్లు కూడా చూడండి.

4. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి

స్పామ్ ఖాతాలు తీసేయండి. ఒక్క పోస్టూ లేకుండా, ప్రొఫైల్లో మందుల సైటు లింకు పెట్టుకున్న ఖాతాలన్నీ అవే. అయితే పోస్టులు లేని ప్రతి ఖాతా స్పామ్ కాదు, ఏళ్లపాటు చదువుతూ వెళ్లినవాళ్లూ ఉంటారు. బయటి లింకు ఉందా, ఎప్పుడైనా రెండోసారి లాగిన్ అయ్యారా అనేది చూసి తీయండి.

పాత పోస్టులు మాత్రం తీయకండి. "ఇది పాతబడింది" అనే కారణంతో తీసేయాలని చాలామందికి అనిపిస్తుంది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో ఇండియన్స్ అనే నాగరికత (ఆటగాడు ఎంచుకునే పక్షం) ఉండేది. 2022 ఏప్రిల్‌లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అనే అదనపు ప్యాక్ వచ్చాక దాని పేరు హిందుస్తానీస్ అయింది, కొత్తగా ద్రవిడియన్స్, బెంగాలీస్, గుర్జరాస్ చేరారు. పాత ఇండియన్స్ వ్యూహాల పోస్టు ఇప్పటి ఆటకి పనికిరాదు, నిజమే. కానీ హెచ్‌డీ ఎడిషన్ ఆడేవారికి అదే సరైన పోస్టు. కాబట్టి పైన ఒక పట్టీ పెట్టండి: "ఇది హెచ్‌డీ ఎడిషన్ కాలం నాటిది. డెఫినిటివ్ ఎడిషన్ కోసం ఇక్కడ చూడండి." ప్రతి గైడుకీ, ప్రతి మ్యాపుకీ ఏ వెర్షన్‌లో పనిచేస్తుందో రాసి ఉండాలి. నన్నడిగితే ఈ ఒక్క పనితో సైటు సగం బాగుపడుతుంది.

వ్యక్తిగత సమాచారం విషయంలో గట్టిగా ఉండండి. పదిహేనేళ్ల నాటి ఐపీ చిరునామాలు, పుట్టిన తేదీలు, ఫోన్ నంబర్లు మీకెందుకు? తీసేయండి. మన దేశంలో 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది, వారి డేటాకి తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. గేమ్ సైటుకి వచ్చేవాళ్లలో పిల్లలూ ఉంటారు. కాబట్టి ఈమెయిల్, ఒక పేరు తప్ప ఇంకేమీ అడగకండి. వయసు నిబంధన ఏం పెట్టాలో చట్టం తెలిసినవారిని ఒకసారి అడగండి.

5. సాఫ్ట్‌వేర్

మీ సైటు పీహెచ్‌పీబీబీ 2 (పాత ఫోరం సాఫ్ట్‌వేర్) మీద ఉంటే పీహెచ్‌పీబీబీ 3.3కి వెళ్లడమే అన్నిటికన్నా తేలిక. కొత్తదాన్ని వేరే ఫోల్డర్‌లో పెట్టి అందులోని కన్వర్టర్ నడిపితే, అది పాత డేటాబేస్‌ను చదివి కొత్తదాంట్లోకి నకలు చేస్తుంది. చవక షేర్డ్ హోస్టింగ్ సరిపోతుంది.

డిస్కోర్స్ అనే ఇంకో ఫోరం సాఫ్ట్‌వేర్ ఫోన్లో బాగుంటుంది, పాత సాఫ్ట్‌వేర్ల నుంచి తెచ్చుకునే స్క్రిప్టులూ ఉన్నాయి. దానికి సొంత సర్వర్, కనీసం 1 జీబీ ర్యామ్ కావాలి. 2 ఉంటే నయం. సర్వర్ చూసుకునే మనిషి లేకపోతే దాని జోలికి వెళ్లకండి.

చర్చలకన్నా సమాచారం ఎక్కువగా ఉన్న సైటుకి మీడియావికీ (వికీపీడియా నడిచే సాఫ్ట్‌వేర్) మంచిది. ఫ్యాండమ్‌లో (అభిమానుల వికీలను నడిపే కంపెనీ సైటు) ఉన్న వికీని బయటికి తెచ్చుకోవాలంటే లైసెన్సు ఒప్పుకుంటుంది, రాసినవారి పేర్లు, మార్పుల చరిత్ర వెంట తెచ్చుకోవాలి. రూన్‌స్కేప్ వికీ 2018లో, మైన్‌క్రాఫ్ట్ వికీ 2023లో అలాగే బయటికి వచ్చాయి. పాత వికీ అక్కడే ఉండిపోతుందనీ, గూగుల్ చాలాకాలం దాన్నే ముందు చూపిస్తుందనీ తెలిసి దిగండి.

"ఇవన్నీ ఎందుకు, డిస్కార్డ్ చాలదా?" చాలదు. కబుర్లకీ, అప్పటికప్పుడు ఆటకి మనుషుల్ని కలుపుకోవడానికీ డిస్కార్డ్ అనే ఆ చాట్ యాప్ బాగుంటుంది, తప్పకుండా పెట్టుకోండి. కానీ అందులో చెప్పిన జవాబు గూగుల్‌లో దొరకదు. అక్కడ ఎక్కించిన ఫైలు లింకును బయట పెడితే ఒక రోజులో గడువు తీరిపోతుంది. డిస్కార్డ్‌లో మంచి జవాబు వచ్చిన ప్రతిసారీ దాన్ని సైటులో పోస్టుగా పెట్టే బాధ్యత ఒకరికి అప్పగించండి.

6. పాత లింకులు చావకుండా చూడండి

సైటు మార్చినవాళ్లలో ఎక్కువమంది తప్పుచేసేది ఇక్కడే. కొత్త సాఫ్ట్‌వేర్‌లో చిరునామాలు మారతాయి. ప్రతి పాత చిరునామా నుంచి దాని కొత్త చిరునామాకి 301 రీడైరెక్ట్ (శాశ్వత మళ్లింపు) పెట్టాలి. థ్రెడ్ నంబర్లు మారకుండా ఉంటే సర్వర్ సెట్టింగుల్లో ఒకటి రెండు నియమాలు రాస్తే పని అయిపోతుంది. మారితే పాత నంబరు, కొత్త నంబరు పట్టిక కావాలి. కన్వర్ట్ చేసేటప్పుడే ఆ పట్టిక దాచుకోండి, తర్వాత తయారుచేయడం నరకం.

ఒక్క హెచ్చరిక. పాత లింకులన్నిటినీ మొదటి పేజీకి మళ్లించి చేతులు దులుపుకోకండి. వచ్చిన మనిషికి కావలసింది దొరకదు. గూగుల్ కూడా ఆ పేజీ లేనట్టే లెక్క వేస్తుంది.

సరిచూసుకోవడానికి, మార్చకముందే గూగుల్ సెర్చ్ కన్సోల్ (సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే ఉచిత సాధనం) నుంచి ఎక్కువమంది వచ్చే 100 పేజీల జాబితా దించుకోండి. మార్చాక ఆ వందా ప్రైవేట్ విండోలో ఒక్కొక్కటే తెరవండి. విసుగు పుట్టించే పని, అయినా మనిషే చేయాలి. పేజీ తెరుచుకుందా అన్నది కాదు, సరైన పేజీ తెరుచుకుందా అన్నది చూడాలి. తర్వాతి రెండు నెలలు సర్వర్ లాగ్‌లో 404లు (పేజీ దొరకలేదన్న నమోదులు) వారానికోసారి చూస్తూ ఉండండి.

7. బొమ్మలు, ఫైళ్లు

పాత గైడుల్లో బొమ్మల చోట ఖాళీ పెట్టెలు కనిపిస్తాయి. కారణం మీ సర్వర్ కాదు. 2017లో ఫొటోబకెట్ ఉచిత ఖాతాల బొమ్మలు బయటి సైట్లలో కనిపించకుండా ఆపి, ఏడాదికి దాదాపు 400 డాలర్లు అడిగింది. టైనీపిక్ 2019లో మూతపడింది. ఆ చిరునామాలను వేబ్యాక్ మెషీన్‌లో వేసి చూడండి, కొన్ని దొరుకుతాయి. దొరకనివాటికి, గైడు ముఖ్యమైనదైతే, గేమ్ తెరిచి కొత్త స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి. ఇక నుంచి బొమ్మలన్నీ మీ సర్వర్‌లోనే ఉండాలి.

ఫ్లాష్ అనే పాత బ్రౌజర్ సాధనంతో చేసిన టెక్ ట్రీలు (ఆటలో దేని తర్వాత ఏది వస్తుందో చూపే పటాలు), చిన్న ఆటలు 2020 చివరితో ఆగిపోయాయి. రఫుల్ అనే ఉచిత ఎమ్యులేటర్ సైటులో పెడితే చాలావరకు మళ్లీ నడుస్తాయి.

సభ్యులు ఎక్కించిన జిప్ ఫైళ్లన్నీ వైరస్ స్కాన్ చేయండి. అందులో సీడీ లేకుండా ఆట నడిపే క్రాక్ ఫైళ్లు ఉంటే తీసేయండి, వాటిలో వైరస్ లేకపోయినా సరే. గేమ్ ఇన్‌స్టాలర్ కూడా మీ సైటులో ఉండకూడదు. అభిమానులు తయారుచేసిన మ్యాపులకీ, బొమ్మలకీ ఏజ్ గేముల యజమాని మైక్రోసాఫ్ట్ నియమాలు ప్రచురించింది. అవి చదివి, వాళ్లు అడిగిన ప్రకటన మీ సైటు అడుగున పెట్టండి. అన్ని కంపెనీలూ ఒకేలా ఉండవు. 2016లో అభిమానులు చేసిన మెట్రాయిడ్ రీమేక్ వచ్చిన కొద్ది రోజులకే నింటెండో దాన్ని దించేయించింది.

8. ఇప్పుడు డిజైన్

ముందు విభాగాలు తగ్గించండి. మనుషులు నిండుగా ఉన్న రోజుల్లో ముప్పై నలభై విభాగాలు నడుస్తాయి. ఇప్పుడు అన్నే ఉంచితే నలుగురు వచ్చిన పెళ్లికి నలభై బంతులు పరిచినట్టుంటుంది. ఐదారు చాలు: ఆట గురించి, మ్యాపులు, సాంకేతిక సమస్యలు, జోడీ వెతకడం, కబుర్లు. మిగతావన్నీ "పాతవి" అనే ఒక గూటిలోకి.

ఫోన్‌లో చూసి డిజైన్ చేయండి, కంప్యూటర్‌లో తర్వాత చూసుకోవచ్చు. మొదటి పేజీలో ఈ వారం జరిగింది కనిపించాలి, స్వాగత సందేశం కాదు.

తెలుగు పోస్టులుంటే ఫాంట్ సంగతి చూడాలి. నోటో శాన్స్ తెలుగు ఉచితం, అన్ని ఫోన్లలోనూ బాగుంటుంది. ఇంగ్లిష్‌కి పెట్టిన వరసల ఎడం తెలుగుకి చాలదు, కింది వత్తులు తెగిపోతాయి. అక్షరం సైజుకి 1.6 రెట్లు, ఇంకాస్త ఎక్కువైనా పరవాలేదు. అక్షరాల మధ్య ఎడం సున్నా ఉంచండి. "స్వాతంత్ర్యం" అని శీర్షికలో, బటన్‌లో, మెనూలో రాసి చూడండి. మూడు చోట్లా వత్తులు తెగకుండా కనిపిస్తే పరవాలేదు.

హెచ్‌టీటీపీఎస్ (సైటుకీ చూసేవారికీ మధ్య సురక్షిత కనెక్షన్) తప్పనిసరి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితం, కానీ కొన్నాళ్లకే గడువు తీరుతుంది. దానంతటదే రెన్యూ అయ్యేలా పెట్టి, మొదటిసారి నిజంగా అయిందో లేదో చూడండి.

9. పాతవాళ్లను పిలవడం

పాత పాస్‌వర్డ్‌లు పనిచేయనివ్వకండి. పీహెచ్‌పీబీబీ 2 వాటిని ఎండీ5 అనే పాత పద్ధతిలో దాచేది, ఇప్పుడు దాన్ని విప్పడం చాలా తేలిక. అందరినీ కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమనండి.

ఇక్కడ చాలామందికి తెలియని ప్రమాదం ఒకటుంది. 2013లో యాహూ, వాడకంలో లేని ఐడీలను వేరేవాళ్లకు ఇచ్చింది. మీ పాత సభ్యుల్లో చాలామంది యాహూ చిరునామాలతోనే చేరి ఉండవచ్చు. పాస్‌వర్డ్ మార్చే లింకు ఆ ఐడీకి పంపితే, అది ఇప్పుడు ఇంకెవరిదో కావచ్చు. అందుకే ముందు పాత అడ్మిన్, మోడరేటర్ ఖాతాలన్నిటికీ అధికారాలు తీసేయండి. మనిషితో మాట్లాడి నిర్ధారించుకున్నాకే తిరిగి ఇవ్వండి.

అందరికీ ఒకేరోజు మెయిల్ కొట్టకండి. కొత్త సర్వర్ నుంచి వేలల్లో మెయిళ్లు వెళ్తే, అందులో సగం చచ్చిన చిరునామాలైతే, జీమెయిల్ మిమ్మల్ని స్పామ్ కింద కట్టేస్తుంది. ఎస్‌పీఎఫ్, డీకేఐఎం (మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే సెట్టింగులు) సరిచేసుకుని, చివరగా లాగిన్ అయినవారితో మొదలుపెట్టి చిన్న జట్లుగా పంపండి. మెయిల్లో వారి పాత పోస్టు ఒకదానికి లింకు ఇవ్వండి. "మేం తిరిగొచ్చాం" అనే వార్త కన్నా "2006లో మీరు పెట్టిన మ్యాపు ఇదిగో, ఇప్పటికీ నడుస్తోంది" అన్న మాటకే మనిషి వస్తాడు.

10. మొదటి మూడు నెలలు

వారానికి ఒక నికరమైన పని పెట్టుకోండి. శనివారం రాత్రి అందరూ కలిసి ఆడే గంట, ఒక పాత మ్యాపును కొత్త ఎడిషన్‌లో నడిచేలా చేయడం, ఒక గైడును ఇప్పటి ప్యాచ్‌కి సరిచేయడం, ఏదైనా సరే. అమెరికాలో ఉన్న మనవాళ్లు కూడా రావాలంటే మన ఆదివారం పొద్దున వారికి శనివారం రాత్రి అవుతుంది, ఆ వేళ కుదురుతుంది.

ఇంకెవరూ రాయలేనిది మీరు రాయండి. ద్రవిడియన్స్ క్యాంపెయిన్ (ఆటలో కథగా సాగే వరస) నాయకుడు రాజేంద్ర చోళుడు. ఆయన కూతురు అమ్మంగదేవిని పెళ్లాడినవాడు వేంగి రాజు రాజరాజ నరేంద్రుడు, నన్నయ చేత భారతం రాయించినవాడు. ఆ క్యాంపెయిన్ ఆడే తెలుగువాడికి ఈ కథ చెప్పే పోస్టు ఒక్కటి ఉంటే, అది ఏ ప్యాచ్‌తోనూ పాతబడదు.

కొత్తగా వచ్చినవారి మొదటి ప్రశ్నకి ఒక రోజులోపు జవాబు రావాలి. "ఇది ముందే అడిగారు, వెతుక్కో" అనే జవాబును నిషేధించండి. పాత సభ్యుల్లో కొందరికి ఈ అలవాటు గట్టిగా ఉంటుంది. లింకు ఇచ్చి, రెండు మాటలు చెప్పమనండి.

ఫలితం ఎలా తెలుస్తుంది?

సభ్యుల సంఖ్య చూడకండి, అందులో స్పామ్ కలిసి ఉంటుంది. ఈ మూడు చూడండి: జవాబు రాని ప్రశ్నలు ఎన్ని, మొదటి పోస్టు పెట్టినవారిలో రెండోది పెట్టినవారు ఎంతమంది, అడ్మిన్లు కాకుండా వేరేవాళ్లు మొదలుపెట్టిన థ్రెడ్లు ఎన్ని. మూడు నెలల తర్వాత కూడా థ్రెడ్లన్నీ మీ ముగ్గురివే అయితే, విభాగాలు ఇంకా తగ్గించి, వారం వారం ఆడే ఆట మీదే దృష్టి పెట్టండి.

ఏడాది చూసినా ఎవరూ రాకపోతే సైటును మూయకండి, చదువుకునే సైటుగా మార్చండి. హెచ్‌టీట్రాక్ లాంటి సాధనంతో పేజీలన్నీ మామూలు హెచ్‌టీఎంఎల్‌గా దించి, అవే చిరునామాల్లో పెట్టండి. లాగిన్, రిజిస్ట్రేషన్ తీసేయండి, సర్వర్ మీద డేటాబేస్ ఉంచకండి. అలా చేస్తే హ్యాక్ అవడానికి పెద్దగా ఏమీ మిగలదు, నెల ఖర్చు దాదాపు ఉండదు. మ్యాపు ఫైళ్ల కాపీ ఒకటి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఎక్కించండి. డొమైన్‌కి ఒకేసారి పదేళ్లకి కట్టేయండి, డాట్ కామ్‌కి అంతకు మించి ఇవ్వరు.